గాజులదిన్నెలో నీలి తెరచాప

మన సినిమాల్లో పడవ పాటలు వచ్చినప్పుడు ఒక్క సంగతి గమనించండి. తెరచాప నిండా గాలి పోసుకుని ముందుకు పొంగి వుంటుంది. హీరోయిన్ పైట మాత్రం వెనక్కి ఎగురుతూ వుంటుంది! ఒకే పడవలో రెండు గాలులు! చాప వెనక ఒక ఫ్యానూ, హీరోయిన్ ఎదురుగా ఇంకో ఫ్యానూ పెడితే తప్ప లోకంలో ఎక్కడా జరగని వింత అది. నిజంగా గాలివాలున పోయే పడవలో కూర్చుంటే పైటా ముందుకే ఎగరాలి, జుట్టూ ముందుకే పడాలి. మొహం కనపడదు. మొహం కనపడకపోతే డబ్బిచ్చిన నిర్మాత వూరుకోడు గదా!

ఈ రహస్యం నాకు చెప్పినవాడు మా ఎమ్మిగనూరు మిత్రుడు. ఆదోనిలో డిగ్రీ కలిసి చదువుకున్నాం. ఆ తర్వాత నేను పత్రికల వెంట పడ్డాను, వాడు హైదరాబాదు పోయి ఆర్ట్ డిపార్టుమెంటులో చేరాడు. గుడులు కట్టాడు, జైళ్లు కట్టాడు, ఒకసారి అడవి కూడా కట్టాడు. ఆఖరికి ఒక సినిమాకి పడవ కావాలంటే, వాడే వెతికి, హుస్సేన్ సాగర్‌లో పోటీలకు తిరిగి తిరిగి ముసలిదైపోయిన చిన్న పడవనొకదాన్ని కొనిపించాడు. రెండు షెడ్యూళ్లు అయ్యాక ఆ సినిమా ఆగిపోయింది. వాడికి రావలసిన నలభై వేలు కూడా ఆగిపోయింది. 'గోడౌన్లో ఏం వుంటే అది తీసుకుపో' అన్నారట. వాడు పడవ తీసుకుపోయాడు. పత్తి బేళ్లు దించి ఖాళీగా తిరిగొస్తున్న ఆదోని లారీలో వేసుకుని ఎమ్మిగనూరు చేర్చాడు. చాపలు మాత్రం గోడౌన్ ఎలుకలు అంతకుముందే భోంచేశాయి.

సముద్రానికి ఎక్కడో దూరాన వున్న వూరికి పడవ తెచ్చుకున్నవాణ్ణి చూసి ఎమ్మిగనూరు నవ్వింది. నవ్వదూ మరి! పడవంటే గోదావరి వాళ్ల సొత్తు. 1964లో ఆదుర్తి సుబ్బారావుగారు 'మూగమనసులు' తీసి అక్కినేనివారి చేత పడవ నడిపించింది అక్కడ. 1973లో బాపు రమణలు 'అందాల రాముడు'ని భద్రాచలం దాకా పడవ మీద తీసుకుపోయింది అక్కడ. ఆదోని టాకీసుల్లో నేల టిక్కెట్టు కొనుక్కుని చూసిన మాకు తెరా తెలుసు, చాపా తెలుసు. రెండూ కలిసిన వస్తువు మాత్రం తెలీదు. మా తుంగభద్రలో తిరిగేది పుట్టి. వెదురు బుట్టకు కింద తోలో, ఇప్పుడైతే పట్టాయో తొడిగి, తారు పూసి, ఒక్క తెడ్డుతో గిరగిరా తిప్పుకుంటూ పోతారు. 2009 అక్టోబరు వరదలో నాగలదిన్నె వంతెన కొట్టుకుపోయింది చూశారూ, ఆ తర్వాత ఏరు దాటాలంటే పుట్టి విలువేమిటో మా వాళ్లకు మళ్లీ తెలిసొచ్చింది. అయితే పుట్టికి చాప వుండదు. గాలితో దానికి పనే లేదు.

కానీ గాలి మాత్రం మాకు కొదవ లేదండీ! ఆషాఢం వస్తే ఆదోని కొండల మీంచి దిగే పడమటి గాలికి మనిషి గొడుగు పట్టుకుని నిలబడలేడు. 'ఇంత గాలి వుట్టినే పోతాంది గదప్పా' అనేవాడు మా వాడు. వాడి ఎత్తు ఏమిటంటే, పడవకు చాప తొడిగి, పెళ్లికి ముందు ఫొటోలు తీయించుకునే జంటలకూ, షార్ట్ ఫిల్ములు తీసుకునే కుర్రాళ్లకూ అద్దెకివ్వాలని. పెళ్లి స్టేజీలకు పూలు కట్టీ ఫ్లెక్సీలు బిగించీ విసిగిపోయి వున్నాడు. హైదరాబాదు నుంచి ఒక పెద్ద సెట్టు పనికి రమ్మని పిలుపు కూడా వచ్చి వుంది. పోతే మళ్లీ ఏడాది దాకా ఇంటి మొహం చూసేది లేదు. ఇంట్లో వున్నది తల్లి ఒక్కతే.

ఈ పరిస్థితిలో హైదరాబాదు నుంచి ఒక చాపల జత బేరానికొచ్చింది. పెద్ద చాప ఒకటి, ముందు కట్టే చిన్న చాప ఒకటి. రెండూ కలిపి తొమ్మిది వేలు. అమ్మేవాడు మర్యాదస్థుడు. 'పది రోజులు వాడి చూడు. నచ్చితే డబ్బు పంపు, లేకపోతే చాప పంపు' అన్నాడు. హైదరాబాదు వాళ్లు కూడా ఆ పది రోజుల్లోనే అవునో కాదో చెప్పమన్నారు. గడువు రెంటికీ ఒక్కటే అయింది.

పార్శిల్ ఆదోని బస్టాండుకొచ్చింది. విడిపించుకుని మా మిద్దె మీద పరిచాం. మిద్దె చాలలేదు! ఒకప్పుడు నీలమే కాబోలు, ఎండకు వెలిసి మబ్బు పట్టిన ఆకాశంలా తయారైంది. నీలం చాపలు ఆ జాతి పడవల గుర్తట. జాక్ హోల్ట్ అనే ఇంగ్లీషాయన 1956లో రూపం కట్టిన పడవ అది. పేరు ఎంటర్‌ప్రైజ్. నాలుగు మీటర్ల పొడుగు, ఇద్దరు మనుషులు, ఇంట్లోనే ప్లైవుడ్‌తో చేసుకోగలిగేంత తేలిక.

సెకండ్ హ్యాండ్ చాప కొనడం సెకండ్ హ్యాండ్ స్కూటర్ కొన్నట్టు కాదు. స్కూటరైతే కిక్కు కొట్టగానే దగ్గో తుమ్మో వినపడుతుంది. చాప నేల మీద పరిస్తే మహా సాధువులా పడుకుంటుంది. దాని గుణమంతా గాలిలోనే బయటపడుతుంది. అయినా నేల మీద చూడవలసినవి కొన్ని వున్నాయి. గుడ్డను ఎండకేసి పట్టి సూది బెజ్జాలు వెతకాలి. కుట్ల మీద బొటనవేలి గోరుతో గట్టిగా గీరాలి. దారం పొడి పొడిగా రాలితే, గుడ్డ ఎంత బాగున్నా లాభం లేదు. ఎండకు ముందు చచ్చేది గుడ్డ కాదు, పైకి తేలి వుండే కుట్టుదారం. గుడ్డను గుప్పిట్లో నలిపితే కొత్తదైతే కాగితంలా పెళపెళమంటుంది. పాతది చేతిరుమాల్లా మెత్తగా మునుగుతుంది. మాది పెళపెళకూ రుమాలుకూ మధ్యలో వుంది. వెనక అంచు దగ్గర కుట్లు గోరుకు కాస్త రాలాయి.

అక్కడినుంచి ఎమ్మిగనూరు. మిత్రుడి తల్లి మగ్గం మనిషి. మాచాని సోమప్పగారు 1938లో పెట్టిన చేనేత సహకార సంఘం వూరది. ఆ సంఘానికి దుప్పట్లు నేసిన ఇంట్లో పుట్టి, అదే పని చేసిన ఇంటికి కోడలై వచ్చింది. గుంత మగ్గం మీద కూచుని కూచుని మోకాళ్లు అరిగి మానేసి ఏళ్లయింది గానీ, గుడ్డ కనపడితే చెయ్యి వూరుకోదు. చాప అంచు పట్టుకుని వేళ్లతో తడిమింది.

"నాయనా, ఇది మన పత్తి గాదే" అంది నావేపు చూసి.

కాదు మరి. పాలియెస్టరు. అన్నట్టు చాపల చరిత్రలో పత్తికీ ఒక గొప్ప రోజుంది. 1851లో 'అమెరికా' అనే పేరుగల అమెరికా వాళ్ల పడవ ఇంగ్లండు పోయి అక్కడి పడవలన్నిటినీ ఓడించి కప్పు ఎగరేసుకుపోయింది. ఇంగ్లీషువాళ్లవి అవిసెనార చాపలు, అమెరికావాళ్లవి మరమగ్గం పత్తి చాపలు. పత్తి చాప సాగక బిర్రుగా నిలబడ్డదనీ, గెలుపులో దానికీ వాటా వుందనీ చెప్పుకుంటారు. దాదాపు వందేళ్ల పాటు పోటీ పడవల మీద పత్తిదే రాజ్యం. 1950లలో పాలియెస్టరు వచ్చి పత్తిని దించేసింది. తడిస్తే కుళ్లదు, ఎండితే ముడుచుకోదు. పత్తికి రెండో బొంబాయి అనిపించుకున్న ఆదోనిలో పుట్టిన నాకు ఈ కథ తలుచుకుంటే కొంచెం కష్టంగానే వుంటుంది.

ఆవిడకు ఈ కథంతా చెప్పలేదు. చెప్పినా వినే ధ్యాసలో లేదు. గుడ్డను నిలువునా లాగింది, అడ్డంగా లాగింది. ఆ తర్వాత మూల నుంచి మూలకు లాగింది.

"సూడు నాయనా. పడుగు సక్కంగుంది. పేకా సక్కంగుంది. ఐమూల లాగితే సూడు... సాగుతాంది. సత్తువ పోయింది యాడంటే ఐమూల."

నేను తర్వాత చాపల గురించి తెలిసినవాళ్లను అడిగితే, సరిగ్గా ఇదే మాట పెద్ద పెద్ద మాటల్లో చెప్పారు. చాపగుడ్డ నేశాక జిగురులాంటి గంజి పట్టించి గట్టిపరుస్తారు. వాడగా వాడగా ఆ గంజి విరిగిపోతుంది. అప్పుడు పడుగూ పేకా గట్టిగానే వున్నా, వాటి నడుమ ఐమూలగా గుడ్డ సాగడం మొదలెడుతుంది. గాలికి చాపలో ఒక పొట్ట ఏర్పడాలి, ఆ పొట్ట మధ్యకు కాస్త ముందుగా వుండాలి. గుడ్డ సాగితే పొట్ట వెనక్కి జారుతుంది. అప్పుడా చాప పడవను ముందుకు లాగడం మానేసి పక్కకు ఒరగదొయ్యడం మొదలెడుతుంది.

ఆవిడ ఇంకో పని కూడా చేసింది. కొడుకుని ఒక అంచు పైకొస పట్టుకోమని, తాను కిందికొస పట్టుకుని బిర్రుగా లాగింది. నడిమధ్య వదులుగా వేలాడుతున్న మడత మెల్లగా ఆ లాగిన అంచు దగ్గరికి జరిగి వచ్చింది. "సాగిన దుప్పటి ఇట్ల లాగే మడత బెడతాం" అంది. మేం తలలూపాం. అప్పటికి అందులో విశేషం ఏమీ కనపడలేదు.

నీళ్లు గాజులదిన్నెలో. హంద్రీ మీద కట్టిన జలాశయం అది, మన మాజీ ముఖ్యమంత్రి దామోదరం సంజీవయ్యగారి పేరు పెట్టారు. అనుమతికి మావాడు తిరిగిన తిరుగుళ్లు వేరే వ్యాసమవుతుంది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల పడవ మునిగిన తర్వాత పడవ అనే మాట ఎత్తితే అధికారులు ఉలిక్కిపడతారు. పడాలి కూడా! లైఫ్ జాకెట్లు లేందే దిగం, జాలర్ల పుట్టి ఒకటి వెంట వుంటుంది అని రాసిచ్చాకే సరేనన్నారు.

ఆరో రోజు సాయంత్రం. శ్రావణం నడుస్తోంది. గాలి ఆషాఢమంత మొండిగా లేదు గానీ దిక్కు మారలేదు, పడమరే. కట్ట మీద ఆదోని నుంచి వచ్చిన ఒక కుర్ర డైరెక్టరు కెమెరా బిగించుకుని కూచున్నాడు. డిగ్రీ చదువుతూనే షార్ట్ ఫిల్ము తీస్తున్నాడు. మావాడికి మొదటి గిరాకీ! అతనిక్కావలసింది ఒక్క షాటు. హీరో హీరోయిన్లు పడవెక్కి అస్తమించే సూర్యుడిలోకి వెళ్లిపోవాలి. శుభం కార్డు.

"సార్, నేరుగా సూర్యుడిలోకే పోవాల" అన్నాడు.

సూర్యుడు పడమర. గాలి వచ్చేదీ పడమర నుంచే. గాలికి ఎదురుగా నేరుగా పోయే తెరచాప ఇంతవరకు పుట్టలేదు. గాలికి నలభై అయిదు డిగ్రీలు పక్కగా, ఒకసారి కుడికీ ఒకసారి ఎడమకీ మళ్లుతూ, తిరుమల ఘాట్ రోడ్డెక్కినట్టు మలుపులు మలుపులుగా పోవాలి. ఆ మాట చెబితే కుర్రాడి మొహం వాడిపోయింది. 'ముందు చాప సంగతి తేలనీ నాయనా' అని వాణ్ణి ఓదార్చి దిగాం.

మావాడు చుక్కాని దగ్గర, నేను చిన్న చాప తాడు దగ్గర. షూటింగులో బూమంటే మైకు కట్టిన కర్ర. పడవలో బూమంటే చాప అడుగున వుండే కర్ర. మైకు కర్ర తలమీద వుంటుంది, ఇది తలకు సరిగ్గా తగిలే ఎత్తులో వుంటుంది. మలుపు మలుపుకీ వంగి నమస్కారం చెయ్యవలసిందే. పడవ నడుమ చీలికలోంచి నీళ్లలోకి దిగే పలక ఒకటుంది. అది లేకపోతే పడవ పక్కకు కొట్టుకుపోతుంది. ఆ పలక పట్టూ, చాప లాగుడూ రెండూ కలిస్తేనే గాలికి ఎదురెక్కడం.

పడమరగా మూడు వందల గజాల దూరంలో నీళ్లలో సగం మునిగిన తుమ్మచెట్టు ఒకటి కనపడింది. దాన్ని గురి పెట్టుకున్నాం. అక్కడికి ఎక్కగలిగితే చాప వుంటుంది. లేకపోతే మర్నాడు పార్శిల్.

పడవ నడిచింది. మొదట నాకు భలే అనిపించింది. ఇంజను లేదు, తెడ్డు లేదు, నీళ్లు మాత్రం పడవ కింద చిన్నగా గునుస్తున్నాయి. కుడికి పోయాం, మళ్లాం. ఎడమకి పోయాం, మళ్లాం. ఎనిమిది మలుపులయ్యాయి. అరగంట గడిచింది. తలెత్తి చూస్తే తుమ్మచెట్టు ఎక్కడుందో అక్కడే వుంది! పోయినంత దూరమూ పక్కకు జారుతున్నాం. చాప వెనక అంచు మడత పడి కొట్టుకుంటోంది, పడవ ఒరుగుతోంది గానీ ముందుకు పోవడం లేదు. వెనకే వస్తున్న పుట్టిలోంచి పెద్దాయన కేకేశాడు: "ఏం సామీ, అంత గుడ్డ కట్టుకోని ఆడాడే తిరగతాండారు? మా తెడ్డు ఇయ్యల్నా?"

మావాడు పలకలేదు. వాడి మొహం చూశాను. వాడు చాప కేసి చూడ్డం లేదు, కట్ట కేసి చూస్తున్నాడు. కట్ట మీద కుర్ర డైరెక్టరు పక్కన వాళ్లమ్మ కూచుని వుంది. పొద్దున్నే బస్సెక్కి వచ్చింది. కొడుకు మునిగిపోతాడేమోనన్న భయంతో వచ్చిందో, గుడ్డ చూద్దామని వచ్చిందో తెలీదు. అంత దూరాన ఆవిడ చేతులు రెండూ ఎత్తి దేన్నో కిందికి లాగుతున్నట్టు చూపిస్తోంది.

"ముందంచు!" అన్నాడు మావాడు.

చాప ముందంచు కొయ్యకు ఆనుకుని వుంటుంది. దాని కింది మూలకు తాడు వేసి, నేను బరువంతా వేసి కిందికి లాగాను. ఇంట్లో ఆవిడ చేసి చూపించింది ఇదే గదా! కళ్లముందే చాప రూపం మారింది. వెనక్కి జారిన పొట్ట మెల్లగా ముందుకు నడిచి వచ్చింది. వెనకంచు కొట్టుకోవడం తగ్గింది. పడవ ఒరుగుడు మాని ముక్కు నీళ్లలో ఆనించి కదిలింది. మలుపు. మళ్లీ మలుపు. ఈసారి తుమ్మచెట్టు పెద్దదవుతోంది. ఆరో మలుపుకి దాని కొమ్మల మీది కొంగలు కనపడ్డాయి. తొమ్మిదో మలుపులో టప్పున చప్పుడైంది. వెనకంచు దగ్గర కుట్టు రెండు జానల మేర విచ్చుకుంది. గుడ్డ చిరగలేదు, దారమే. మావాడు చాప కాస్త వదులు చేశాడు. పదకొండో మలుపుకి చెయ్యి చాపి తుమ్మకొమ్మ పట్టుకున్నాను. ముళ్లు గుచ్చుకున్నాయి. వదల్లేదు.

గట్టు చేరాక ఆవిడ విచ్చుకున్న కుట్టు చూసింది. "పనికొస్తాది" అంది. గుడ్డను గురించే అన్నదో, ఇంకేమైనా మనసులో పెట్టుకుని అన్నదో, నేనూ అడగలేదు, వాడూ అడగలేదు.

ఇక కుర్ర డైరెక్టరు సమస్య. దానికి పరిష్కారం మావాడు చిటికెలో చెప్పాడు. అన్నేళ్లు ఆర్ట్ డిపార్టుమెంటు అన్నం తిన్నది వృథాపోతుందా! "కెమెరా ఆ పడమటి గట్టున పెట్టు. పొద్దున అయిదున్నరకి రా. గాలివాలున తూర్పుకి నేరుగా పోతాం. సూర్యుడు ఎక్కేదీ దిగేదీ ఎవురికి తెలుస్తాది? ఎడిటింగులో తిరగేసుకో."

అది నిజం. ఎన్ని సినిమాల్లో సాయంకాలాలు పొద్దున్నే తీయలేదు! కానీ గాలివాలున పోవడానికి ఏ చాపైనా చాలు, దుప్పటి కట్టినా చాలు. రీటేకుకి వెనక్కి రావాలి చూశారూ, అక్కడే అసలు చాప కావాలి. ఎర్రటి వెలుగు వుండేది అరగంట. పోయి, ఎదురెక్కి వచ్చి, మళ్లీ పోయేసరికి రోజుకు రెండు టేకులే అయ్యేవి. ఎనిమిది, తొమ్మిది, పదో రోజులు మూడు పొద్దులూ తీశారు. ఆరో టేకు ఓకే. హీరోయిన్ పైట ముందుకే ఎగిరింది, మొహం కనపడలేదు. పర్లేదన్నాడు డైరెక్టరు. నిర్మాత కూడా వాడేలెండి.

మధ్యలో ఏడో రోజంతా ఆవిడ కుట్టుమిషను దగ్గరే వుంది. చాప మిషను కింద పట్టక ఇల్లంతా నీలం పరుచుకుంది. నేను ఒక కొస, మావాడు ఇంకో కొస పట్టుకుని కూచున్నాం. పాత కుట్టు పక్కనే గట్టి పాలియెస్టరు దారంతో రెండో వరుస వేసింది. పాత బెజ్జాల్లోనే సూది దింపితే గుడ్డ చీలుతుందని ఆవిడకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

పదో రోజు సాయంత్రం మావాడు హైదరాబాదుకి రెండు ఫోన్లు చేశాడు. చాప ఆసామికి కుట్టు సంగతి వున్నదున్నట్టు చెబితే తొమ్మిది వేలను ఏడు చేశాడు. సెట్టు పనివాళ్లకు ఇంకొకర్ని చూసుకోమన్నాడు. రెండో ఫోను పెరట్లోకి పోయి చేశాడు గానీ, ఎమ్మిగనూరు ఇళ్లలో పెరటికీ వంటింటికీ మధ్య ఎంత దూరం!

"కుట్టుకూలి ఎంతియ్యాలమ్మా?" అన్నాడు లోపలికొచ్చి.

"బారకింత అని సంఘం లెక్క. కొలుసుకో" అంది ఆవిడ, పొయ్యి మీద గిన్నె దించుతూ. మేమిద్దరం నిజంగానే చాప పరిచి కొలిచాం. ఏడు బారలు తేలింది.